ఏపీ ఇంగ్లిష్ లిటరేచర్‌లో కవితను చదివి వ్యాసం రాయడం ఎలా: తొలి పఠనం నుంచి చివరి పేరా దాకా

అమెరికా హైస్కూళ్లలో ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సుల్లో, ఇంగ్లిష్ లిటరేచర్ తీసుకున్న మన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది: "కవిత అర్థమైంది, అలంకారాలన్నీ గుర్తుపట్టాం, అయినా వ్యాసానికి మార్కులెందుకు రావడం లేదు?"

ఆంధ్ర, తెలంగాణ బడుల్లో చదివిన పెద్దలకు దీని జవాబు సులువుగా అందుతుంది. మనం అలంకారం గురించి రాసేటప్పుడు లక్షణం, ఉదాహరణ, సమన్వయం అని మూడు భాగాలు రాసేవాళ్లం. మొదటి రెండూ సరిగ్గా రాసినా కొన్ని మార్కులు వచ్చేవి. ఏపీ వ్యాసంలో లక్షణానికి మార్కు లేదు. ఉదాహరణ ఎత్తి చూపితే వచ్చేది చాలా తక్కువ. మార్కుల్లో ఎక్కువ భాగం సమన్వయంలోనే ఉంటుంది. అదీ "ఇక్కడ ఉపమ ఉంది" దగ్గర ఆగకుండా, "ఆ ఉపమ లేకపోతే కవితలో ఏం పోతుంది" అనేదాకా వెళ్లాలి. కింది మెట్లన్నీ అక్కడికి చేరడం కోసమే.

## 1. ప్రశ్న ఏమిటో, మార్కులు ఎక్కడున్నాయో ముందు తెలుసుకోండి

మే నెలలో జరిగే ఈ పరీక్షలో రెండు భాగాలుంటాయి. మొదటి భాగంలో 60 నిమిషాల్లో 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, స్కోరులో వాటి వాటా 45 శాతం. రెండో భాగంలో 120 నిమిషాల్లో మూడు వ్యాసాలు, వాటా 55 శాతం. ఆ మూడింట్లో మొదటిది కవితా విశ్లేషణ. 2025 మే నుంచి పరీక్ష మొత్తం, దాన్ని నిర్వహించే కాలేజ్ బోర్డ్ సంస్థ వారి బ్లూబుక్ యాప్‌లోనే జరుగుతోంది కాబట్టి వ్యాసాన్ని టైపు చేయాలి.

కవితను వాళ్లే ఇస్తారు. సుమారు 100 నుంచి 300 పదాలుంటుంది. అది మీరు అంతకుముందు చదివినదై ఉండనక్కర్లేదు, చాలాసార్లు ఉండదు కూడా.

ప్రతి వ్యాసానికి 6 పాయింట్లు. పంపకం ఇలా ఉంటుంది:

- థీసిస్ (వ్యాసం నిలబెట్టబోయే ప్రధాన వాదం): 1
- ఎవిడెన్స్, కామెంటరీ (కవితలోంచి ఆధారం, దానికి మీ వివరణ): 4
- సాఫిస్టికేషన్ (ఆలోచనలోని లోతు): 1

ఆరింట్లో నాలుగు మధ్య వరసలోనే ఉన్నాయని గమనించండి. ఆ నాలుగూ పూర్తిగా రావాలంటే కవితలోని ఒకటి కంటే ఎక్కువ సాహిత్యాంశాలు అర్థానికి ఎలా తోడ్పడుతున్నాయో వివరించాలి, మీరు చేసిన ప్రతి వాదానికీ కవితలోంచి నిర్దిష్టమైన ఆధారం ఉండాలి. అందమైన ఉపోద్ఘాతానికి, గంభీరమైన ముగింపుకి విడిగా పాయింట్లు లేవు.

ప్రశ్నలో ప్రతి ఏడాదీ "కాంప్లెక్స్" అనే మాటో, ఆ అర్థమిచ్చే మాటో ఉంటుంది: సంక్లిష్టమైన సంబంధం, సంక్లిష్టమైన వైఖరి. వక్తకు ఒకే భావం ఉందని తేల్చేస్తే ప్రశ్నకు సగమే జవాబు చెప్పినట్టు. కనీసం రెండు భావాలు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటాయి. ఆ రెండూ ఏమిటో పట్టుకోవడమే పని.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

పెద్ద జాబితా అక్కర్లేదు.

- ముద్రించిన కవిత, పెన్సిల్. పరీక్ష తెరమీదే అయినా సాధన మొదలుపెట్టేది కాగితం మీద.
- మంచి ఇంగ్లిష్ నిఘంటువు. ఒక మాటకు ఉన్న రెండో, మూడో అర్థాలు కూడా ఇచ్చేది.
- కాలేజ్ బోర్డ్ తన ఏపీ సెంట్రల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టిన పాత ప్రశ్నలు, నమూనా విద్యార్థి వ్యాసాలు, వాటికి ఏ పాయింటు ఎందుకిచ్చారో చెప్పే వ్యాఖ్యలు. డబ్బు పెట్టి కొనే గైడ్లకంటే ఇవి నయం.
- పదిహేను, ఇరవై పారిభాషిక పదాలు: స్పీకర్ (వక్త), టోన్ (గొంతులోని భావం), డిక్షన్, ఇమేజరీ (పదచిత్రాలు), మెటఫర్ (రూపకం), సిమిలీ (ఉపమ), పర్సనిఫికేషన్, సింబల్, పారడాక్స్, ఐరనీ, అల్యూజన్, సింటాక్స్, ఎంజాంబ్‌మెంట్, స్ట్రక్చర్, షిఫ్ట్ (మలుపు). ఇంతకంటే అరుదైన పేర్లు బట్టీ పట్టడంలో కాలం పోతుంది, ఫలితం ఉండదు.

## 3. కవితను నాలుగుసార్లు చదవండి, ప్రతిసారీ ఒక్క పనికే

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. వ్యాసం బాగా రాలేదని బాధపడే పిల్లల్లో చాలామందికి లోపం రాతలో ఉండదు. కవితను ఒకసారి చదివి టైపు చేయడం మొదలుపెట్టడంలో ఉంటుంది.

ఉదాహరణకు 1609లో అచ్చయిన షేక్స్‌పియర్ 73వ సానెట్‌ను (సానెట్ అంటే 14 పంక్తుల కవిత) తీసుకుందాం. వయసు మీదపడుతున్న వక్త తనను మూడు దృశ్యాలుగా చూపించుకుంటాడు: ఆకురాలు కాలపు చెట్టు, పొద్దుగుంకాక మిగిలిన మసక వెలుతురు, బూడిదమీద ఆరిపోబోతున్న మంట. చివరి రెండు పంక్తుల్లో ఎదుటి మనిషితో, ఇదంతా చూసి నీ ప్రేమ మరింత బలపడుతుందని అంటాడు. కవిత ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. ముందు పెట్టుకుని చదవండి.

మొదటి పఠనం: వాక్యాల కోసం. పంక్తి చివర ఆగకండి, ఫుల్‌స్టాప్ దగ్గర ఆగండి. ఈ సానెట్‌లో 14 పంక్తులున్నా వాక్యాలు నాలుగే. ప్రతి వాక్యంలో కర్త ఎవరు, క్రియ ఏది అని అడగండి. పాత కవితల్లో మాటల వరస తారుమారై ఉంటుంది కాబట్టి ఈ పని తప్పించుకోలేరు. మనం పద్యానికి అన్వయక్రమం చెప్పుకున్నట్టే ఇక్కడా చెప్పుకోవాలి. అన్వయం కుదరని చోట ఊహతో పూరించకుండా ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు వెళ్లండి.

రెండో పఠనం: ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో. వక్త, కవి ఒకరే అనుకోకండి. వ్యాసంలో "షేక్స్‌పియర్ ముసలివాడయ్యాడు" అని రాయకూడదు, "వక్త" అనాలి. ఈ సానెట్‌లో వక్త తనను తాను చూసుకోవడం లేదు. "నువ్వు నాలో చూస్తావు" అని పదే పదే ఎదుటివారి చూపును పిలుస్తున్నాడు. క్రియలు వరసగా చూడండి: బిహోల్డ్, సీ, మళ్లీ సీ, చివరికి పర్సీవ్. కంటితో చూడటంగా మొదలైంది గ్రహించడం దాకా వెళ్లింది. ఈ ఒక్క గమనిక చాలు, ఒక పేరా నిలబడుతుంది.

మూడో పఠనం: మలుపు కోసం. దాదాపు ప్రతి కవితలోనూ ఎక్కడో ఒకచోట దిశ మారుతుంది. బట్, యెట్, దెన్, నౌ లాంటి చిన్న మాటలు, కొత్త స్టాంజా (కవితలోని పంక్తుల గుంపు), క్రియ కాలం మారడం, వాక్యం హఠాత్తుగా పొట్టిదవడం, ఇవన్నీ గుర్తులు. ఈ సానెట్‌లో 13వ పంక్తి దగ్గర పెద్ద మలుపు ఉంది. దానికంటే ముందే నెమ్మదిగా జరిగే ఇంకో మార్పు ఉంది: ఏడాదిలో ఒక ఋతువు, రోజులో ఒక ఘడియ, ఆపైన కాసేపట్లో ఆరిపోయే మంట. కాలం పోనుపోను కుంచించుకుపోతోంది. చెట్టుకు మళ్లీ చిగురు వస్తుంది, పొద్దు మళ్లీ పొడుస్తుంది, ఆరిన మంట మాత్రం తిరిగి రాదు. మూడు దృశ్యాలూ ఒకే మాట చెబుతున్నాయని రాసే విద్యార్థికి ఈ వరసలోని బిగువు కనిపించదు.

నాలుగో పఠనం: వింత మాట కోసం. మీరే రాసి ఉంటే వేరేగా రాసేవారనిపించే మాట దగ్గర ఆగండి. రెండో పంక్తిలో "ఎల్లో లీవ్స్, ఆర్ నన్, ఆర్ ఫ్యూ" అని ఉంటుంది. ఆకులు రాలే క్రమంలో అయితే పసుపు ఆకులు, తర్వాత కొన్నే, తర్వాత ఏమీ లేవు అనాలి. వక్త "ఏమీ లేవు" అనేసి, మళ్లీ "కొన్ని" దగ్గరికి వెనక్కొస్తాడు. చివరి పంక్తిలో ఇంకొకటి: పోయేది వక్త కాబట్టి ఎదుటి మనిషి అతన్ని "లూజ్" చేసుకోవాలి, అంటే పోగొట్టుకోవాలి. కవితలో ఉన్న మాట "లీవ్", అంటే విడిచి వెళ్లడం. వెళ్లిపోయేది ఎదుటి మనిషే అన్నట్టుంది. ఎందుకు? వెంటనే జవాబు దొరకకపోయినా ఫర్వాలేదు, మార్జిన్‌లో ఆ ప్రశ్న రాసుకోండి. మంచి వ్యాసాలు ఇలాంటి ప్రశ్నల నుంచే పుడతాయి.

నాలుగు పఠనాలయ్యాక మీ దగ్గర ఉండాల్సినవి:

- వక్త, శ్రోత, సందర్భం: ఒక్క వాక్యం
- మలుపు ఉన్న పంక్తి సంఖ్య
- కనీసం మూడు వింత మాటలు, పక్కన "ఎందుకు" అని
- ఒకదాన్నొకటి లాగే రెండు భావాలు

నాలుగోది రాలేదంటే రాయడానికి సమయం రాలేదన్నమాట. మలుపు దగ్గరికి తిరిగి వెళ్లండి, అక్కడ మలుపుకు ముందు ఒక భావం, తర్వాత ఇంకో భావం ఉంటాయి.

## 4. థీసిస్ కట్టడం

మీరు రాసేది ఇంగ్లిష్‌లోనే. పోలిక తేలిగ్గా కనపడటానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

బలహీనమైనది: "ఈ సానెట్‌లో షేక్స్‌పియర్ మెటఫర్, ఇమేజరీ, టోన్ వాడి వృద్ధాప్యం పట్ల వక్త వైఖరిని చూపించాడు."

ఇది ప్రశ్నను తిప్పి రాయడమే. ఏ కవితకైనా అతుకుతుంది. వైఖరి ఏమిటో చెప్పలేదు.

బలమైనది: "ఋతువు, సంధ్య, మంట అంటూ కాలాన్ని కుదిస్తూపోయి వక్త తన అంతం దగ్గరపడటాన్ని ఒప్పుకుంటాడు, కానీ ఆ దృశ్యాలన్నిటినీ ఎదుటి మనిషి కళ్ల ముందు పెట్టడం ద్వారా రాబోయే నష్టాన్నే ప్రేమకు కారణంగా మలచాలని చూస్తాడు."

ఇందులో రెండు భావాలున్నాయి, వాటి మధ్య "కానీ" ఉంది, వాటిని మోసే కవితాంశాలున్నాయి. "మెటఫర్" అనే పేరు లేకపోయినా నష్టం లేదు. అది ఏ మెటఫరో, ఏం చేస్తోందో ఉంది.

థీసిస్ ఒకే వాక్యం కానక్కర్లేదు. పక్కపక్కనే రెండు వాక్యాలుగా రాసినా ఆ పాయింటు వస్తుంది. ఉపోద్ఘాతం మొత్తం రెండు మూడు వాక్యాలు దాటనివ్వకండి. "అనాదిగా మానవుడు మరణాన్ని గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు" లాంటి వాక్యాలు కొట్టేయండి.

## 5. పేరాలను కవిత నడకలోనే అమర్చండి

చాలా క్లాసుల్లో ఒక్కో పేరాకు ఒక్కో అలంకారం అని నేర్పుతారు. మొదట్లో ఊతంగా పనికొస్తుంది. పరీక్షకు మాత్రం నేను దీన్ని సిఫారసు చేయను. మెటఫర్ ఒక పేరాలో, టోన్ ఇంకో పేరాలో పెడితే మలుపు గురించి రాయడానికి చోటే దొరకదు. కవిత మొదలు, మధ్య, చివర అనే వరసలో వెళ్లండి. ఒక్కో భాగంలో వక్త ఏం చేస్తున్నాడన్నది పేరా మొదటి వాక్యం. ఆ పని చేయడానికి వాడిన అంశాలు, ఒకటైనా మూడైనా, ఆ పేరాలోనే వస్తాయి.

ప్రతి పేరాలో నాలుగు పనులు జరగాలి:

1. వాదం: ఈ భాగంలో వక్త ఏం చేస్తున్నాడు
2. ఆధారం: రెండు నుంచి ఐదు మాటలు, మీ వాక్యంలో కలిసిపోయేలా
3. వివరణ: ఆ మాట ఎందుకు, వేరే మాట ఎందుకు కాదు
4. ముడి: ఇది థీసిస్‌లోని రెండు భావాల్లో దేన్ని బిగిస్తోంది

మూడో పనికి రెండో పనికంటే కనీసం రెట్టింపు చోటివ్వాలి. తేడా చూడండి.

తాత్పర్యం దగ్గర ఆగిన పేరా: "రెండో పంక్తిలో పసుపు ఆకుల గురించి చెప్పాడు. కొమ్మలు చలికి వణుకుతున్నాయి. ఇది ఆకురాలు కాలం. ఈ మెటఫర్ వృద్ధాప్యాన్ని సూచిస్తుంది."

సమన్వయం ఉన్న పేరా: "వక్త తన స్థితిని ఒక్క మాటలో తేల్చుకోలేకపోతున్నాడు. పసుపు ఆకులు 'నన్' అని ఒప్పుకున్న వెంటనే 'ఫ్యూ' అని సరిదిద్దుకోవడం రాలిపోయే క్రమాన్ని వెనక్కి తిప్పుతుంది. కామాల దగ్గర ఆగి ఆగి నడిచే ఆ పంక్తి, మిగిలినవాటిని లెక్కపెట్టుకుంటున్న మనిషి తడబాటులా వినిపిస్తుంది. అంతం రాబోతోందని తెలిసినా ఇంకా కొంత మిగిలి ఉందని ఎదుటి మనిషి చూడాలన్న కోరిక ఆ చిన్న వెనకడుగులో బయటపడుతుంది. చివరి పంక్తుల్లో ప్రేమను అడగబోయే మనిషి ఇక్కడే కనిపిస్తున్నాడు."

రెండో పేరాలో కవితలోంచి తీసుకున్నవి పట్టుమని నాలుగు మాటలు కూడా లేవు. మిగతాదంతా ఆలోచన. ఇలాంటి పేరాలు రెండున్నా చాలు, మూడుంటే మరీ మంచిది. ఐదు పేరాల చట్రం నిబంధన కాదు.

## 6. సాఫిస్టికేషన్ పాయింటు

దీనికోసం వేటాడితే రాదు. పెద్ద మాటలు వాడినా, చివర్లో ఒక తాత్విక వాక్యం తగిలించినా రాదు. కవితలోని ఉద్రిక్తతను మొదటినుంచీ చివరిదాకా వదలకుండా పట్టుకున్నప్పుడు, లేదా మరో రకంగా కూడా చదవొచ్చని ఒప్పుకుని దాన్ని నిజంగా తూచినప్పుడు వస్తుంది.

మన సానెట్‌లో అలాంటి చోటు చివరి రెండు పంక్తులే. నీ ప్రేమ బలపడుతోందని అంటున్నది ఎవరు? వక్తే. ఎదుటి మనిషి ఒక్క మాటైనా మాట్లాడలేదు. అది నమ్మకమా, వేడుకోలా? రెంటికీ కవితలో ఆధారాలు చూపించి, మీరు ఎటు మొగ్గుతున్నారో చెప్పండి.

## 7. నలభై నిమిషాల పంపకం

మూడు వ్యాసాలకూ కలిపి 120 నిమిషాలు. ఒక్కోదానికి 40 అన్నది సూచన మాత్రమే, గడియారం మీరే చూసుకోవాలి.

- 10 నిమిషాలు: నాలుగు పఠనాలు, రెండు భావాలు, థీసిస్
- 25 నిమిషాలు: రాయడం
- 5 నిమిషాలు: తిరిగి చదవడం

పది నిమిషాలు చదవడానికి పెట్టడం పిల్లలకు భయంగా ఉంటుంది, పక్కన కీబోర్డులు టకటకలాడుతుంటే మరీను. అయినా తగ్గించకండి. ఏ వ్యాసం ముందు రాయాలన్నది మీ ఇష్టం. మెదడు తాజాగా ఉండగా కవితతోనే మొదలుపెట్టమని నా సలహా.

పరీక్షకుల దగ్గరికి వెళ్లేది తొలి చిత్తుప్రతి అని వాళ్లకూ తెలుసు. చిన్న వ్యాకరణ దోషాలకు భయపడి వాక్యాలను చెక్కుకుంటూ కూర్చోవద్దు. అర్థం తెలియకుండా పోయే తప్పుల్ని మాత్రం ఆ చివరి ఐదు నిమిషాల్లో సరిచేయండి.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటి దిద్దుబాట్లు

కథ చెప్పుకుంటూ పోవడం. పేరాలో ప్రతి వాక్యం "తర్వాత వక్త అంటాడు" అని మొదలవుతోందా? అలాంటి రెండు వాక్యాల మధ్య "ఎందుకంటే" అని మొదలయ్యే ఒక వాక్యం రాయండి.

పారిభాషిక పదాల ప్రదర్శన. అలంకారం పేరు కొట్టేసి వాక్యం చదవండి. ఇంకా ఏదైనా చెబుతోందా? చెప్పకపోతే ఆ వాక్యం ఖాళీది.

ఛందస్సు లెక్కలు. మనలో గణాలు గుణించడం నేర్చినవారికి ఐయాంబిక్ పెంటామీటర్ అనే ఇంగ్లిష్ ఛందస్సు చూడగానే చేతులు ఊరుకోవు. లయ ఒకచోట తప్పి, ఆ తప్పడం వల్ల అర్థంలో ఏదో జరిగితేనే రాయండి. ఊరికే పేరు చెబితే ఏమీ రాదు.

కవి జీవితం. తెలిసినా పక్కన పెట్టండి. ఆధారం కవితలోంచే రావాలి.

కవిత అస్సలు అర్థం కాకపోవడం. నిజంగా జరుగుతుంది. అప్పుడు శీర్షిక, ప్రశ్నకు ముందు ఇచ్చిన పరిచయ వాక్యం, చివరి రెండు పంక్తులు మళ్లీ చదవండి. అర్థమైన భాగాల మీద గట్టిగా రాయండి. అర్థంకాని స్టాంజాకు అర్థం కల్పించి వాదమంతా దానిమీద నిలబెట్టకండి.

పొడవాటి ఉల్లేఖనలు. మూడు పంక్తులు యథాతథంగా దించితే వ్యాసం పెరుగుతుంది, పాయింట్లు పెరగవు.

## 9. వారానికి ఒక్క కవిత

సోమవారం నాలుగు పఠనాలు, గమనికలు. మంగళవారం థీసిస్ మాత్రం మూడు రకాలుగా రాయండి. బుధ, గురువారాల్లో ఒకే ఒక్క పేరా. వారాంతంలో ఆ పేరాను ఏపీ సెంట్రల్‌లోని నమూనా వ్యాసాల పక్కన పెట్టి, మధ్య వరసలో మీకు ఎన్ని పాయింట్లు వస్తాయో మీరే వేసుకోండి. గడియారం పెట్టుకుని పూర్తి వ్యాసం నెలకొకటి చాలు. ఫిబ్రవరి దాటాక రెండు వారాలకొకటి చేయండి.

పాత కవితలతోనే సరిపెట్టుకోకండి. పరీక్షలో ఇప్పటి కవితలూ వస్తాయి. అన్వయం తేలికగా ఉండి భావం జారిపోయే కవితలు ఒక్కోసారి ఎక్కువ కష్టం.

## 10. ఇంట్లో పెద్దలు చేయగలిగింది

ఇంగ్లిష్ కవిత్వం మీరు చదవలేదని వెనకాడవద్దు. పిల్లల వ్యాసాన్ని దిద్దాల్సిన పని మీకు లేదు. కవితను పైకి చదవమనండి, వినండి, ఆ తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. జవాబు మీకు తెలియకపోవడమే ఇక్కడ మేలు, ఎందుకంటే పిల్లలు మీకు అర్థమయ్యేలా చెప్పి తీరాలి.

- ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఇప్పుడే ఎందుకు?
- మొదట్లో ఉన్న మనసు చివరికి కూడా అలాగే ఉందా? ఎక్కడ మారింది?
- ఏ మాట నీకు వింతగా అనిపించింది? దాని బదులు మామూలు మాట పెడితే ఏం పోతుంది?
- నువ్వు చెప్పినదానికి ఎదురు చెప్పాలంటే కవితలో ఏ పంక్తి చూపించాలి?

జవాబులు తెలుగులో వచ్చినా, రెండు భాషలూ కలిసి వచ్చినా సరే, వాళ్లను ఆపకండి. ఏ ప్రశ్న దగ్గర తడబడ్డారో ఆ పంక్తి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టించండి. మర్నాడు రాసే పేరా ఆ పంక్తి మీదే.